మేకలు లేని ఒక పగలు

నా చిన్నప్పుడు, బెళుగుప్ప దగ్గరి మా ఊళ్లో, ఒక ఎండాకాలం పొద్దున నా గొర్రెపిల్ల వీపు నిమురుతుంటే బొచ్చు కింద వెన్నుపూసలు ఒక్కొక్కటిగా వేలికి తగిలాయి. వారం కిందట అలా తగల్లేదు. చటుక్కున చెయ్యి తీసేశాను. ఇది చచ్చిపోతుందేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది ఆ క్షణంలోనే. అప్పుడు నాకు పదేళ్లు. దాని తల్లి చచ్చిపోతే మా తాతయ్య దాన్ని నాకిచ్చాడు. సీసాతో పాలు పట్టి పెంచుకున్నాను.

రెండేళ్లుగా సరైన వానల్లేవు. బీడులో గడ్డిపరక లేదు. తాతయ్య మందలో ముప్పై గొర్రెలు, నాలుగు మేకలు. అన్నింటికీ మిగిలింది వంక గట్టున ఉన్న తుమ్మచెట్లే. రాలిన తుమ్మకాయల కోసం మేకలే ముందు ఉరికేవి, కొమ్ములతో గొర్రెల్ని పక్కకు తోసేవి. నా పిల్ల ఎప్పుడూ అన్నిటికంటే వెనక. దాని తిండి మేకలే తినేస్తున్నాయని నాకు గట్టిగా అనిపించింది. అసలు ఆ కాయలు ఎలా రాలుతున్నాయో మాత్రం ఎప్పుడూ గమనించలేదు.

రెండు రోజులు మనసు ఒకచోట నిలవలేదు. మూడో రోజు తాతయ్యకు జ్వరమొచ్చింది. మందను నేను తోలుకుపోతానంటే మంచం మీద నుంచే సరేనన్నాడు. మేకల్ని దొడ్లోనే గుంజలకు కట్టేసి, గొర్రెల్ని మాత్రం బయటికి తోలాను.

ఊరు దాటగానే తెలిసింది. రోజూ ముందు నడిచేవి మేకలు, గొర్రెలు వాటి వెంట పోయేవి. ఇప్పుడు ముందు ఎవరూ లేరు. పదడుగులు వేస్తాయి, గుమిగూడి నిలబడిపోతాయి. అరిచి, అదిలించి చెట్ల కిందికి చేర్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కింద ఒక్క కాయ లేదు. తలెత్తి చూస్తే అన్నీ కొమ్మల్లోనే ఉన్నాయి. రాళ్లు విసిరితే నాలుగు రాలాయి. గొర్రెలు ఎండకు తాళలేక ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకున్నాయి. నా పిల్ల మోకాళ్ల మీద కూలబడింది.

అటుగా పోతున్న ఎదురింటి మామ నన్ను చూసి ఆగాడు. ఆయనదీ గొర్రెల మందే.

"ఏమ్మే, మేకల్లేకుండా తోలకచ్చినావా? గొర్లు యాడికి పోవల్ల, నీ ఎనకాల బడికా?" అని నవ్వాడు. పిల్లను చూశాక నవ్వు ఆపి, గబగబా ఊళ్లోకి పోయాడు.

కాసేపటికి తాతయ్య దుప్పటి కప్పుకుని, మేకల్ని తోలుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. మేకల్ని నేరుగా చెట్ల కిందికి వదిలాడు. మేకలు వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు మానుకు ఆనించి, ముళ్ల మధ్య నుంచి కొమ్మల్ని గుంజాయి. అవి తిన్నదానికంటే రాల్చిందే ఎక్కువ. గొర్రెలు తలలెత్తి పరిగెత్తాయి. తాతయ్య గుప్పెడు కాయలేరి, నలగ్గొట్టి నా పిల్ల నోట్లో పెట్టాడు. అది మెల్లగా నమిలింది.

"చూస్తివా? నేల మీది గడ్డి గొర్రెది, చెట్టు మీది ఆకు మేకది. ఇయి కిందికి దించకపోతే అయి సస్తాయి" అన్నాడు. మళ్లీ కొమ్మల వైపు చూసి, "చెట్టూ ఎండిపోతే మాత్రం మేకే మిగుల్తాది పాపా" అన్నాడు.

ఆ ఏడు ఆలస్యంగానైనా వాన పడింది, నా పిల్ల బతికింది. తర్వాతి కరువులో చుట్టుపక్కల మందలన్నీ ఆ కాసిని చెట్ల కిందికే వచ్చాయి. కొమ్మలు మోడులయ్యాయి, కింద రాలేది లేకపోయింది. మేకలు బెరడు గీరుకుని బతికాయి. తాతయ్య గొర్రెల్నన్నీ అమ్మేశాడు, పెరిగి పెద్దదైన నా గొర్రెతో సహా. ఒకే తిండికి పోటీపడే రెండు జాతులు కొన్నిసార్లు సర్దుకుంటాయని, కొన్నిసార్లు ఒకటి పోతుందని కాలేజీలో చదివినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. ఎప్పుడు ఏది జరుగుతుందో తెలియకపోవడమే నా గుబులు.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. కూతురు చురుకు. కొడుకు మాటలోనూ చదువులోనూ నెమ్మది. వాడు వెనకబడిపోతాడేమోనని నిన్నంతా సతమతమై, అక్కనే కాస్త తగ్గమందామనుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. ఈ పొద్దున ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను, గొర్రెల్ని అమ్మిన సంగతి కూడా దాచలేదు.

"పోయేటప్పుడు నీ గొర్రె ఏడ్చిందామ్మా?" అని అడిగాడు కొడుకు.

"నేను ఏడ్చినాను" అన్నాను. తర్వాత కూతురి వైపు తిరిగి, "నిన్ను ఆగమని నేనెప్పుడూ అననమ్మా. నీకు అందినంత అందుకో. నీకందిన కొమ్మ మాత్రం తమ్మునికీ అందేటట్టు వంచు, చెట్టు పచ్చగా ఉన్నప్పుడే" అని చెప్పాను.