బ్యాటరీ నిండేదాకా ఆరాధన

బేతంచెర్లలో ఆటో తోలే ఏసుకుమార్‌కు దేవుడంటే భయం. ప్రసంగమంటే ఇంకా భయం. పెళ్లయిన నాటినుంచీ ఆదివారం వస్తే భార్య రత్నమణిని చర్చి దగ్గర దించుతాడు, తలుపు పక్కన చెప్పుల దగ్గర కూర్చుంటాడు, రెండో పాట కాగానే రైలు వచ్చే వేళయిందని జారుకుంటాడు. ఆ వేళకు వచ్చే రైలేదో స్టేషన్ మాస్టరుకు కూడా తెలియదు. రత్నమణికి మాత్రం ఈ లోకంలో ఉన్న కోరిక ఒకటే. మొగుడు ఆఖరి ఆశీర్వాదం దాకా తనంతట తాను ఒక్కసారైనా కూర్చోవాలి. నగ అడిగినా ఇంత ఏడిపించేవాడు కాదు కదా అని ఆమె బాధ.

డీజిల్ ఆటో అమ్మి కరెంటు ఆటో కొన్నాక సంగతి మారింది. మామూలు రోజుల్లో కూలీలను బండల ఫ్యాక్టరీ దగ్గర దించి, అక్కడే చార్జింగ్ పెట్టుకునేవాడు. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. ఇంట్లో పెట్టుకుందామంటే ఇంటి ఓనరు ఓబన్న మీటరు కింద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. తిరిగి తిరిగి చూస్తే చర్చి వెనక గోడకు ఒక ప్లగ్గు కనిపించింది.

పాస్టరు జ్ఞానరాజు అయ్యగారిని అడిగితే, "ఆరాధన జరిగేంతసేపు పెట్టుకోప్పా. ఆశీర్వాదం అయినాక మాత్రం పీకేయల్ల," అన్నారు.

ఆ మాటతో ఏసుకుమార్ కొత్త మనిషయ్యాడు. బ్యాటరీ నిండాలంటే ఆరాధన సాగాలి, అది సాగాలంటే ఎవరో ఒకరు సాగదీయాలి. మొదటి వారం లేచి ఇంకో పాట అడిగాడు. తర్వాతి వారం ఆ పాటలో రెండు చరణాలు వదిలేశారని గుర్తు చేశాడు. ఆ పై వారం ఏకంగా, "జ్ఞానమణవ్వ సాక్ష్యం చెప్పి శానా రోజులాయ గదయ్యగారూ," అన్నాడు.

సంఘమంతా వెనక్కి తిరిగి గుడ్లురిమింది. జ్ఞానమణవ్వ సాక్ష్యం ఆమె పుట్టకముందు వచ్చిన కరువుతో మొదలవుతుంది. ఆమె పెళ్లి దాకా వచ్చేసరికి అందరి ఇళ్లలోనూ కోడికూర చల్లారిపోతుంది. చివరికి అయ్యగారే దాన్ని వారానికింత అని పంచాల్సి వచ్చింది. అయినా ఏసుకుమార్ మారాడని ఆయన కళ్లు చెమర్చాయి. రత్నమణి మాత్రం కిటికీలోంచి ఆటో వైరు చూసి, ముసుగు సర్దుకుంది.

ఇట్లా సాగదీస్తే మొదట్లో ప్రసంగం సగంలోనే చార్జరు మీద పచ్చదీపం వెలిగేది. వెలగగానే ఏసుకుమార్ మాయం. రాను రాను ఆశీర్వాదం అయినా ఆ దీపం వెలగడం లేదు.

మెకానిక్ మస్తాన్ అంతా విప్పి చూశాడు. "బ్యాటరీ గుండ్రాయి మాదిరి ఉండాది. మీ చర్చిలోనే ఏందో ఉండాదబ్బా," అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక ఏసుకుమార్ తెరిచి, కిటికీలోంచి బయటికి చూశాడు. ముసుగు వేసుకున్న ఒక ఆడమనిషి ప్లగ్గు స్విచ్చి ఆపి, చేతులు జోడించుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వస్తోంది. రత్నమణి! ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరితో చెప్పుకుంటాడు? ప్రార్థనలో నువ్వెందుకు కళ్లు తెరిచావని అడుగుతారు.

ఇంటికి పోయేటప్పుడు అడిగాడు. "స్విచ్చెందుకు ఆపుతాండావే?"

"నిండితే పోతావని," అంది రత్నమణి జంకు లేకుండా. కొంతదూరం పోయాక ఆమె గొంతు తగ్గింది. "స్టేషన్ ఎదురుగా చార్జింగ్ స్టాండు పెడతాండారంట. టీ తాగి వచ్చేలోపల నిండుతాదంట. ఇంగ నీకు చర్చితో ఏం పని?"

తిట్టాలనుకున్నవన్నీ ఏసుకుమార్ మరిచిపోయాడు. ఇల్లు వచ్చేదాకా అద్దంలో ఆమె ముఖమే చూసుకుంటూ ఆటో తోలాడు.

స్టాండు తెరిచారు. తర్వాతి ఆదివారం నిండు బ్యాటరీతో రత్నమణిని చర్చి దగ్గర దించాడు. ఆమె వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. ఏసుకుమార్ ఆటో తిప్పబోయాడు. లోపల జ్ఞానమణవ్వ గొంతు సవరించుకుంటోంది. పోయిన వారం ఆమె పందిట్లో పెళ్లికొడుకు కనబడకుండా పోయాడన్న చోట ఆపింది. ఆ మహానుభావుడు యాడికి పోయినాడో తెలుసుకోకుండా ఎట్లా పోవడం అని తనకు తానే సర్దిచెప్పుకుని, ఆటో నీడన పెట్టి లోపలికి నడిచాడు. ప్లగ్గు వైపు కూడా చూడలేదు.

ప్రార్థన మొదలైంది. అలవాటు కొద్దీ కళ్లు తెరిచి ఆడవాళ్ల వైపు చూశాడు. అక్కడ ముసుగు కింద ఒక కన్ను తెరుచుకుని అతన్నే చూస్తోంది. చప్పున మూసుకుంది. ఆఖరి ఆశీర్వాదానికి అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది రత్నమణే.

ఆటో ఎక్కుతుంటే అడిగాడు. "ప్రార్థనలో కండ్లెందుకు తెరిసినావే?"

"నువ్వుండావో పోయినావో అని."

"ఉండా గదా," అన్నాడు ఏసుకుమార్.