వైన్ గదిలో బ్యాటరీ దీపం

2019 జూన్. కార్వేటినగరం దగ్గర ఒక మామిడితోట, ఆ తోట మధ్యలో జమీందారీ కాలం నాటి రాతికట్టడం, దాని కింద ఒక నేలమాళిగ. నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను భయపడిన చోటు అదొక్కటే. అంతకుముందూ ఆ తర్వాతా చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల్లో, అంటే మామిడి గుజ్జు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీల్లో, కెమిస్ట్‌గా పనిచేశాను. కాయ వచ్చే మూడు నెలలు మాకు తిండీ నిద్రా ఉండవు. మిగతా తొమ్మిది నెలలు శాంపిల్ సీసాలు కడుక్కుంటూ, ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పుకుంటూ గడిపేస్తాం.

మా యజమానికి ఆ ఏడు మామిడిపండుతో వైన్ చేయాలన్న కోరిక పుట్టింది. లైసెన్సు తెచ్చుకున్నాడు. శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో ఉన్న స్నేహితుడి ద్వారా ఫ్రాన్స్ నుంచి ఒక వైన్ తయారీదారుణ్ణి పిలిపించాడు. ఆయన పేరు రెమి. అరవై దాటిన మనిషి, పొడగరి, తలుపు తలుపుకూ వంగి నడిచేవాడు. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే గొప్పదేమీ కాదు కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆయనది జురా అనే కొండ ప్రాంతం. షాంపేన్, బోర్డో, బర్గండీ ఇవన్నీ వైన్ రకాల పేర్లని నేను అనుకునేదాన్ని. కాదు, ఊళ్ల పేర్లు, సీమల పేర్లు అన్నాడు. బంగినపల్లి కాయకు ఊరి పేరు వచ్చినట్టేనన్నమాట. పక్కపక్క చేలల్లో పండిన ద్రాక్షకు కూడా మట్టిని బట్టి పేరూ ధరా మారిపోతాయట. మా తోటలో దిగీ దిగగానే చిటికెడు ఎర్రమట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. పనివాళ్లంతా నోళ్లు తెరిచి చూశారు.

వాళ్ల జురాలో పసుపుపచ్చ వైన్ ఒకటి చేస్తారు. పీపాలో పోసి ఆరేళ్లకు పైగా దాన్ని ముట్టుకోరు. పైన మీగడలా ఈస్ట్ పొర కట్టి, ఆ పొర కిందే వైన్ తయారవుతుంది. మామిడితో అలాంటిదొకటి చేయాలని ఆయన ఆశ. ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టని దాన్ని నేను. రుచి చూడను, మీటరుతో కొలుస్తాను అని ముందే చెప్పాను. "వైన్ రుచి తెలియకుండా వైన్ చేసే మనిషిని మొదటిసారి చూస్తున్నాను" అని నవ్వాడు.

చల్లగా ఉంటుందని ట్యాంకులు నేలమాళిగలో పెట్టాం. పదిహేను రాతిమెట్లు దిగాలి. ఒక్కటే తలుపు. కప్పు దగ్గర చిన్న కిటికీ ఉంటే అందులో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారు, మన వంటిళ్లలో బిగించినట్టే, ఎత్తులో. గుజ్జులో ఈస్ట్ కలిపితే అది చక్కెరను తింటుంది. ఆల్కహాలూ, కార్బన్ డయాక్సైడూ పుడతాయి. దీన్నే ఫెర్మెంటేషన్ అంటాం. ఆ వాయువు బయటికి పోవడానికి ట్యాంకు మూతకు ఎయిర్‌లాక్ అని నీళ్లు పోసిన చిన్న గొట్టం ఉంటుంది. అందులోంచి బుడగలు వస్తుంటాయి. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది, నేలబారున పరుచుకుంటుంది. ఇది నేను స్కూల్లోనే బట్టీపట్టిన పాఠం. నోటికి వచ్చు, అంతే.

అక్కడి మేస్త్రీ మునిరత్నం. యాభై ఏళ్ల మనిషి. పని మొదలుపెట్టే ముందు మెట్లు దిగి, గోడకు ఆనించిన అమ్మవారి పటం ముందు నూనె దీపం పెట్టేవాడు. ఆ రాతిగోడకు మేకు దిగదు కాబట్టి పటమూ, దీపమూ నేలమీదే ఉండేవి. మొదటిరోజు రెమి ఆ దీపం దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"నేలమీదే పెడతారన్నమాట. మంచి పని. మా నాన్న కూడా ఇలాగే చేసేవాడు" అన్నాడు.

పాపం వాళ్ల నాన్న కూడా దేవుడికి కొవ్వొత్తి పెట్టేవాడు కాబోలు అనుకున్నాను. "అవునండీ, రోజూ పెడతాం" అన్నాను. ఆయన తృప్తిగా తలూపాడు. ఎందుకని ఆయన్ను నేను అడగలేదు, ఆయనా నన్ను అడగలేదు.

రెండు ట్యాంకులు మొదలుపెట్టి రెమి ద్రాక్షతోటలు చూడడానికి బెంగళూరు వైపు వెళ్లాడు. వారం దాకా రానన్నాడు. ఆయన వెళ్లిన మర్నాడే గాలివాన కొట్టి తోటలో తోతాపురి కాయ రాలిపోయింది. కాయ పాడైపోతుందని యజమాని మిగతా నాలుగు ట్యాంకులూ నింపించాడు. ఈస్ట్ నేనే కలిపాను.

రెండో రోజు నుంచి ఆ గది మారిపోయింది. ఆరు ఎయిర్‌లాకులూ కలిసి చేసే చప్పుడు, పక్కగదిలో నలుగురు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టుండేది. పటం ముందు పెట్టిన బెల్లానికి చీమ పట్టలేదు. తోటలో తిరిగే పిల్లి మూడోమెట్టు దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి వెనక్కి నడిచి పోయేది. గోడ వారగా రెండు ఎలుకలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఎక్కడా గాయం లేదు. మందు తిని ఉంటాయిలే అనుకున్నాను. మందు ఎవరు పెట్టారని అడగలేదు.

మూడో రోజు మునిరత్నం నా దగ్గరికి వచ్చాడు.

"దీపం నిలవడం లేదు మేడమ్. పెడతా ఉండా, ఆరిపోతా ఉండాది."

"గాలికి ఆరిపోయుంటుంది మునిరత్నమన్నా."

"ఆడ గాలి యాడుండాది మేడమ్? ఆకు కూడా అల్లాడదు. వంగి పెడితే ఆరిపోతాది. నిలబడి చేత్తో పట్టుకుంటే ఎలగతాది. కింద పెట్టనీడంలేదు ఎవురో."

ట్యాంకులు తుడిచే ఆడవాళ్లది మరో మాట. కిందికి దిగితే తల బరువెక్కుతుందన్నారు. "ఎవురో ఎనకనించి రెండు బుజాలూ పట్టుకోని, కూసో కూసో అన్నెట్టుంటాదమ్మా" అంది వాళ్లలో ఒకామె. బెదిరించినట్టు కాదట, చుట్టం వస్తే మర్యాద చేసినట్టట. జమీందారుల కాలంలో ఆ గదిలో ఎవరో ముసలమ్మను పెట్టి తలుపు వేశారని వాళ్ల ఊళ్లో చెప్పుకుంటారు. ఆమే అలా పలకరిస్తోందని తేల్చేశారు.

నాకు ఒళ్లు మండింది. ఒకవైపు కాయ కుళ్లుతోంది, ఇంకోవైపు యజమాని ఫోన్ల మీద ఫోన్లు, మధ్యలో ఈ దయ్యాల గోల. ఆ రోజు నేను మళ్లీ దిగి చూసి ఉండాల్సింది. దిగలేదు. ట్యాంకుల టెంపరేచర్ పైగదిలో మీటరు మీద కనబడుతుంది కాబట్టి దిగే అవసరం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ దిగబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం తిరుపతి వెళ్లినప్పుడు పూజాసామాన్ల దుకాణంలో బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపం ఒకటి కొన్నాను. ఒత్తి చోట చిన్న పసుపు బల్బు. ఒకసారి నొక్కితే నాలుగు రోజులు వెలుగుతుందన్నాడు దుకాణమతను. మర్నాడు తెచ్చి మునిరత్నం చేతిలో పెట్టాను. "ఇదిగో, ఏ ముసలమ్మ ఊదినా ఆరదు" అని నవ్వాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఇది దీపమా మేడమ్, బొమ్మ గదా" అన్నాడు.

"దేవుడికి భక్తి కావాలి కానీ నూనె ఎందుకన్నా?"

చదువుకున్న దాన్ని చెప్పాను కాబట్టి ఊరుకున్నాడు. ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తుకుంటూ దిగి, పటం ముందు పెట్టి, అంతే పరుగున పైకి వచ్చాడు. ఆడవాళ్లు దిగడం మానేశారు. రోజూ దీపం వెలిగించే పని తప్పింది కాబట్టి అతనూ దిగలేదు. రెండు రోజులు ఆ గదిలో మనిషి అడుగు పడలేదు. ఆరు ట్యాంకులు మాత్రం గొణుగుతూనే ఉన్నాయి.

రెమి అనుకున్నదాని కంటే ముందే, ఒక శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి దిగాడు. నేను పైగదిలో బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి ఎంతుందో, చూసుకుంటున్నాను. కారు చప్పుడు విన్నాను. ఆయన నా దగ్గరికి రాలేదు. కాసేపాగి బయటికి వెళ్లి చూస్తే మాళిగ తలుపు తెరిచి ఉంది. మొదటి మెట్టు పక్కన ఆయన బూట్లు, మా వాళ్లు చెప్పులు విడిచినట్టే, జతగా విడిచి ఉన్నాయి.

పైనుంచి చూశాను. బయట ఎండ మండిపోతోంది, కింద అంతా చీకటి, ఆ చీకట్లో దీపం ఒక్కటి. రెపరెప లేదు. దాని ఎదురుగా రెమి నేలమీద కూర్చుని ఉన్నాడు. వీపు ట్యాంకుకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని. ధ్యానం చేసుకుంటున్నాడనుకున్నాను. భంగం కలిగించకూడదని మెట్టు మీదే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఇప్పటికీ లెక్క వేసుకోను, భయం.

ఆయన కళ్లజోడు ముక్కు మీంచి జారి ఒళ్లో పడింది. ఆయన కదల్లేదు. "రెమి సార్" అని పిలిచాను. పలకలేదు. గబగబా దిగాను. ఏడో మెట్టో ఎనిమిదో మెట్టో, ముక్కులో సోడా తాగినప్పటి మంట. మోకాళ్లు మెత్తబడ్డాయి. రెండు భుజాల మీదా బరువు. కూర్చోవాలనిపించింది. భయం లేదు, తొందర లేదు, కాసేపు కూర్చుందాం అనిపించింది, అంతే.

నా జడ పట్టుకుని ఎవరో వెనక్కి ఈడ్చారు. మునిరత్నం. మెట్ల మీద తల కొట్టుకుంటున్నా వదలకుండా పైకి లాగి ఎండలో పడేశాడు.

"పాతర గాలి మేడమ్ ఇది. పాతర గాలి. నాకు తట్టలేదే" అన్నాడు.

మా సీమలో పూర్వం ధాన్యం నేలలో గొయ్యి తవ్వి దాచేవాళ్లు. దాన్ని పాతర అంటారు. మూత తీయగానే అందులో దిగిన మనిషి బయటికి రాడు. అందుకని ముందు దీపం దింపి చూసేవాళ్లట, ఆరిపోతే నీళ్లు కుమ్మరించి, వేపమండలు కట్టి తిప్పి, గాలి ఆడేదాకా ఆగేవాళ్లట. మునిరత్నం వాళ్ల నాయన ఆ పని చేసినవాడే. అతను తాడు నడుముకు కట్టుకుని రెండో కొస ఆడవాళ్ల చేతికి ఇచ్చాడు. దయ్యముందని దిగని ఆ ఆడవాళ్లే నాలుగు మెట్లు దిగి, బిందెలతో నీళ్లు చల్లుతూ మండలతో గాలి విసిరారు. అతను ఊపిరి బిగబట్టి దిగి, ఇంకో తాడు రెమి చంకల కింద వేసి వచ్చేశాడు. అందరం లాగాం. అంత పొడుగు మనిషి మెట్టు మెట్టుకూ తగులుకుంటూ పైకి వచ్చాడు. పెదాలు నీలం. పుత్తూరు దాటేదాకా కారులో ఆయన ఊపిరి ఉందో లేదో చూస్తూనే ఉన్నాను.

బతికాడు. తిరుపతి ఆసుపత్రిలో మూడోరోజు మాట్లాడాడు. నేనూ మునిరత్నమూ మంచం పక్కన నిలబడ్డాం. జురాలో ద్రాక్ష పులిసే రోజుల్లో ఆయన తండ్రి చేతిలో కొవ్వొత్తిని మోకాళ్ల ఎత్తులో పట్టుకుని మాళిగలోకి దిగేవాడట. ఆరిపోతే ఆ క్షణమే వెనక్కి తిరగాలి. మా దీపం నేలమీద చూసి, వీళ్లకూ ఈ పద్ధతి తెలుసు అనుకున్నాడు. ఇప్పుడు మీటర్లు ఉన్నాయి, కొవ్వొత్తిని నమ్మకూడదని ఆయనకూ తెలుసు. కానీ మెట్ల పైనుంచి చూస్తే దీపం నిలకడగా వెలుగుతోంది. నిశ్చింతగా దిగాడు.

"కింద ఎవరో నా భుజాలు పట్టుకున్నారు" అన్నాడు. "వెనకనుంచి. చాలా మర్యాదగా. కూర్చో అన్నారు. ఏ భాషలోనో తెలియదు, నాకు అర్థమైంది."

ఆయనకు తెలుగు ముక్క రాదు. ఆడవాళ్ల మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రాణవాయువు తగ్గితే కాళ్లు పట్టు తప్పుతాయి, మెదడు ఏవేవో కల్పించుకుంటుంది, ఆ సంగతి పుస్తకంలో ఉంది. అయినా ఆ మాట విన్నప్పుడు నా భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ మాట మునిరత్నానికి తెలుగులో చెప్పలేదు.

మా మాటలు అర్థం కాకపోయినా మునిరత్నం తనంతట తానే అన్నాడు. "తప్పు నాదే అని సెప్పండి మేడమ్. పాతర దీపం వేరే, పటం ముందర దీపం వేరే అనుకునేసినా. మా నాయన ఉంటే తన్నుండును."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. రెమి అతని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"అసలు దీపం ఎందుకు మార్చారు?"

"నూనె దీపం ఆరిపోతోందని."

"ఆరిపోతోందని ఎవరు కనిపెట్టారు?"

"మునిరత్నమే."

"ఎవరికి చెప్పాడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"నాకు" అన్నాను.

రెమి కళ్లు మూసుకున్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఏం జరిగిందో తెలియక మునిరత్నం, "ఏడవద్దు మేడమ్, మనిషి దక్కినాడు గదా" అని నన్ను ఓదార్చాడు. తిరిగి వచ్చే దారిలో కారు ఆపించి, రెమికీ నాకూ మధ్య నడిచిన మాట ఉన్నదున్నట్టు అతనికి తెలుగులో చెప్పాను. "మీరు నవ్వకుండా ఉండింటే సాలు మేడమ్, నేనే కనుక్కోని ఉందును" అన్నాడు.

ఆ తర్వాత ఫ్యాను నేలబారుకు దింపాం, గ్యాస్ మీటర్లు పెట్టాం. మామిడి వైన్ మాత్రం యజమాని మానుకున్నాడు. నేను మళ్లీ పల్ప్ పనిలోకి వచ్చాను. ఇప్పుడు పనివాళ్లు ఎవరైనా వచ్చి, మేడమ్, ఆ బాయిలర్ పక్కన ఏదో మూలుగుతోంది, ఆ గదిలో ఎవరో తిరుగుతున్నారు అంటే నేను నవ్వను. దయ్యం ఉందని ఒప్పుకోను, లేదని వాదించను. చెప్పినవాళ్లను ముందు నడవమని, వాళ్ల వెనకే వెళ్లి, వాళ్లు చూపించిన చోట నిలబడి చూస్తాను.