నిలువురాళ్ల వరుసలో అయిదో రాయి

కంటి ఆపరేషన్ అయినా మా నాన్నకు చూపు సగమే తిరిగొచ్చింది. ఇక నేయొద్దని బాపు మగ్గం విప్పించి అటక ఎక్కించింది నేనే. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేసి, నాకు వినబడేలా గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "చేతులున్నయి, కాళ్లున్నయి, కూసోమంటరు" అని గోడకు చెప్పేవాడు.

దసరా సెలవుల్లో ఆ గోడ ముందు నుంచి లేపి, నల్లగొండలో బస్సెక్కించి, మహబూబ్‌నగర్ అవతల కృష్ణ ఒడ్డున ఉన్న నిలువురాళ్లు చూపించడానికి తీసుకుపోయాను.

పత్తిచేల పక్కన మనిషికి రెండింతల ఎత్తు రాళ్లు, వరుసగా నిలబడి ఉన్నాయి. వేల ఏళ్ల నాటివి. నేను బడిపంతులమ్మను కదా, నోరు ఊరుకోలేదు. నీడలతో కాలం లెక్క, సమాధులు అంటూ పాఠం ఎత్తుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే బాపు లేడు. దూరంగా మేకలు కాసే పెద్దాయనతో బీడీ కాలుస్తూ ముచ్చట పెట్టాడు.

కాసేపటికి వచ్చి, వరుస మొదట్లో నిలబడి ఒక కన్ను మూశాడు.

"సమాధులు లేవు, నీ మొకం లేదు. మనం వాడకట్టుల వరుసగ గుంజలు పాతి పడుగు నూలు సాపుతం గదా, గట్లనే పాతిన్రు. గని అయిదోది వంకరున్నది."

"ఏడ వంకర? అన్నీ సక్కగనే ఉన్నయి."

"జానెడు పక్కకు వోయింది. పందెమా? గెలిస్తే మగ్గం దించాలె. ఓడితే గోడతోని గూడ మాట్లాడ."

ఆ రెండో మాటకే నేను సై అన్నాను.

ఆయన అంగీ జేబులోంచి నూలు ఉండ తీశాడు. మగ్గం అటకెక్కినా జేబులో నూలు మాత్రం అలాగే ఉంది. ఒక కొస మొదటి రాయికి కట్టి, రెండో కొస పట్టుకుని పల్లేరుకాయలు తొక్కుకుంటూ చివరి రాయి దాకా నడిచాను. నూలు బిగించాం. అన్ని రాళ్లకూ ఆనింది, అయిదోదానికి తప్ప. మధ్యలో సరిగ్గా జానెడు సందు. రెండుసార్లు కొలిచాను.

ఇంత చూపున్న మనిషిని ఊరికే కూర్చోబెట్టానే అని నాకు ఏడుపొచ్చింది. "తప్పయింది బాపూ" అన్నాను. ఆయన పెద్దమనసు చేసుకుని క్షమించి, బస్సు దిక్కు నడిచాడు.

వెనకే పోబోతుంటే మేకలాయన ఆపాడు.

"గా అయిదో రాయి సూసినవా బిడ్డా? పోయినేడు వానలకు పడితే జేసీబీ వెట్టి లేపిన్రు. జర పక్కకు నిలవడ్డది. ఇంతకుముందు మీ బాపుకు గదే జెప్పిన."

ఓరి మా ముసలాయన! కడిగేద్దామని బస్సెక్కాను. బాపు కిటికీ పక్కన కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఒకాయనతో "రేపు మగ్గం దించుతం" అని చెబుతున్నాడు. ఆ మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో! రెండు టికెట్లు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

మర్నాడు మగ్గం దిగింది. నెల తిరిగేసరికి ఎర్రంచు తువ్వాల ఒకటి నేసి నా ఒళ్లో పడేశాడు. చూస్తే అంచు దగ్గర ఒక పోగు పక్కకు పోయి ఉంది. దొరికాడు అనుకున్నాను.

"బాపూ, గీ పోగు వంకర వోయింది. కనవడలేదా?"

ఆయన మగ్గం మీది నుంచి తలెత్తనైనా లేదు.

"గది జేసీబీ వెట్టి లేపిన పోగు బిడ్డా."