అక్కయ్యతో పందెం కట్టి సైకిలెక్కిన రోజు

మా అక్కయ్య నాలుగు నెలలుగా గడప దాటలేదు. ఆసుపత్రికి వెళ్లక తప్పని రోజుల్లో మాత్రం తెల్లవారకముందే కారు తెప్పించుకుని, అద్దాలకు తువ్వాళ్లు అడ్డం పెట్టించుకుని వెళ్లేది. కీమోకి జుట్టంతా ఊడిపోయింది. రోగం లొంగుతోంది, ఇక బయట తిరగవచ్చు, నలుగురితో మాట్లాడవచ్చు అని డాక్టర్లు చెప్పారు. అక్కయ్య వినలేదు.

"ఈ తలకాయని చూసి జాలిపడే అవకాశం నేనెవరికీ ఇవ్వను" అంది.

 ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఒకప్పుడు కంకిపాడు అవతల కాలువ కింద మూడూళ్లలో మాకు పొలాలుండేవి. ఇప్పుడు విజయవాడలో ఒకే అపార్ట్‌మెంటులో ఎదురెదురుగా రెండు అద్దె ఫ్లాట్లు, ఒకదానిలో అక్కయ్య, ఒకదానిలో నేను. పొలాలు పోయాయి, రైసుమిల్లు పోయింది, నిటారుగా ఉండే వెన్నెముక మాత్రం మిగిలింది. కొనేవాళ్లు దొరక్క అది మిగిలిందని అక్కయ్య అంటుంది.

అక్కయ్యకు వైద్యం చేసే డాక్టర్లలో ఒక చిన్నమ్మాయి ఉంది. చిన్నమ్మాయి అంటే నా లెక్కలో, ముప్పై దాటి ఉంటాయి. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగుచేయడానికి ఆ అమ్మాయీ, ఆమె స్నేహితులూ కలిసి సైకిల్ రైడ్ పెట్టారు. బెంజ్ సర్కిల్ దగ్గర బయలుదేరి, బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్లి, కాలువగట్టు ఊళ్లు చుట్టి మళ్లీ బెంజ్ సర్కిల్‌కి రావాలి. తొక్కలేనివాళ్లను ఎక్కించుకోవడానికి అందరి వెనకా ఒక వ్యాను వస్తుంది. "మీరూ రండి అంకుల్" అని ఆ అమ్మాయి అడిగితే, నా ఆశీస్సులు ఉంటాయని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చి ఆ మాట అక్కయ్యతో అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"వెళ్లు" అంది అక్కయ్య.

"పసుపుపచ్చ బనీను, తొడలకి అతుక్కుపోయే నిక్కరు వేసుకోవాలట. అరవై ఏళ్లవాణ్ణి, ఆ వేషంతో బందరు రోడ్డు మీద తిరగమంటావా?"

"నాకు తలకాయ, నీకు తొడలు. ఇద్దరికీ సిగ్గే కదరా."

"అదీ ఇదీ ఒకటెలా అవుతుంది అక్కయ్యా?"

"అయితే పందెం. ఆ నిక్కరేసుకుని, వ్యాను ఎక్కకుండా మొత్తం తొక్కిరా. తొక్కితే నేను తలకి గుడ్డ కూడా చుట్టుకోకుండా బెంజ్ సర్కిల్‌కి వస్తా. వ్యానెక్కావో, ఇంక నన్ను బయటికి రమ్మని ఎవ్వరూ అడగడానికి వీల్లేదు. నువ్వు అసలే అడగొద్దు."

ఆమె కళ్లలో ధీమా చూశాను. నేను నిక్కరు దగ్గరే ఆగిపోతానని ఆమె నమ్మకం. మర్నాడే వెళ్లి పేరు రాయించుకున్నాను.

సైకిలు తొక్కడం కంటే విరాళాలు అడగడం కష్టమైంది. రైడులో పాల్గొనే ప్రతివాళ్లూ తెలిసినవాళ్లను అడిగి ఎంతో కొంత తేవాలి. మా ఇంట్లో చెయ్యి చాచిన చరిత్ర లేదు. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఆయన కొట్లో అరగంట నిటారుగా కూర్చుని, ఆయనిచ్చిన కాఫీ తాగి, చేనేత చీరలకు గిరాకీ ఎలా ఉందో కనుక్కుని, వచ్చిన పని చెప్పకుండా లేచి వచ్చాను. ఆయన పాపం, నేను పెళ్లి సంబంధం ఏదో చెప్పడానికి వచ్చి మొహమాటపడుతున్నాననుకుని, వాళ్లబ్బాయి ఫోటో కూడా చూపించారు. చివరికి అక్కయ్యే మంచం మీద కూర్చుని పాతిక మందికి ఫోన్లు చేసింది. మనిషి బయటికి రాకపోయినా గొంతు బాగానే వచ్చింది.

ఆదివారం తెల్లవారేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర ఒకటే పసుపు. నిక్కరు సంగతి రాయను. అందరూ హ్యాండిల్ మీదికి వంగి తొక్కుతున్నారు. నేను వంగలేదు.

"వంగండి అంకుల్, గాలికి అడ్డం పడుతున్నారు" అన్నాడు పక్కన పోతున్నవాడు.

"నాకలవాటు లేదు బాబూ."

"పోన్లెండి, వెనకాల మాకు సుఖంగా ఉంది" అంది ఇంకొకమ్మాయి.

తిరిగి చూస్తే నా వెనక ఇరవై మంది దాకా వరసకట్టి ఉన్నారు. నా వీపు గాలిని ఆపుతోందట, వాళ్లకు శ్రమ తగ్గుతోందట. ఆ సంగతి తెలిశాక వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టాను. పెనమలూరు దాటి, కంకిపాడు దాటి కాలువగట్టు ఎక్కేవరకు ఆ ఊరేగింపు అలాగే సాగింది. చాలా ఏళ్ల తర్వాత నా వెనక జనం ఉన్నారు. కాళ్ల నొప్పులు పెద్దగా తెలియలేదు.

అలా పోతూ పోతూ మా ఊరిలోకి వచ్చాం. మలుపు తిరగగానే మా పాత గేటు కనబడింది. కనబడిన మరుక్షణం నేను సైకిలు దిగి, హ్యాండిల్ పట్టుకుని నడుస్తున్నాను. దిగాలని అనుకోలేదు. కాళ్లే దిగాయి.

మా తాతగారి రోజుల్లో ఆ గేటు ముందు ఎవరూ సైకిలు తొక్కేవారు కాదు. గేటుకు పది గజాల ఇవతల దిగి, పది గజాలు అవతలికి నడిచి, అప్పుడు ఎక్కేవారు. ఇంట్లో పిల్లలకూ మినహాయింపు లేదు. పదేళ్లప్పుడు ఒకసారి నేను దిగకుండా దూసుకుపోతే, తాతగారు ఆ సాయంత్రమంతా నన్ను సైకిలుతో గేటు ముందు అటూ ఇటూ నడిపించారు. దాన్ని మేం మర్యాద అనేవాళ్లం. దిగేవాళ్లు ఏమనేవారో ఎప్పుడూ అడగలేదు.

నేను దిగేసరికి ముందు రోడ్డేదో పాడై ఉంటుందనుకుని నా వెనక ఇరవై మందీ దిగిపోయారు. తాతగారు పోయిన నలభై ఏళ్లకు, ఆ గేటు ముందు ఇరవై సైకిళ్లు నడిచాయి. ఎదురుగా టీకొట్టు ముందు కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు మా మిల్లులో పనిచేసిన మనిషి.

"చినబాబుగారూ! తమరేనా? ఇంకా దిగుతున్నారేంటండీ? లోపల యూరియా బస్తాలే ఉన్నాయండి!"

నిజమే. ఇప్పుడది ఎరువుల గోడౌను. గేటు చివరిదాకా నడిచి ఎక్కబోతున్నాను, అంతలో డాక్టరమ్మాయి స్కూటరు మీద వచ్చి అడ్డం నిలిచింది. వెనకే వ్యాను. పెద్దాయన నీరసపడి నడుస్తున్నాడని ఎవరో ఫోన్ చేశారట.

"ఏమైంది అంకుల్? కళ్లు తిరుగుతున్నాయా?"

"ఏం లేదమ్మా."

"మరి ఎందుకు దిగారు?"

 పోగొట్టుకున్నదాన్ని వేలెత్తి చూపించి ఇది మాదేనని చెప్పుకోవడం నాకు చేతకాదు. ముసలాయనకు ఆ ఇబ్బంది లేదు.

"వాళ్ల తాతగారికోసం దిగారండి" అన్నాడు.

"తాతగారా? ఎక్కడున్నారు?"

"పోయి నలభై ఏళ్లయిందండి."

డాక్టరమ్మాయి నా వంక చూసే చూపు మారిపోయింది. నా మణికట్టు పట్టుకుని, గొంతు బాగా మెత్తగా చేసి, "అంకుల్, ఇవాళ ఏ వారమో చెప్పగలరా?" అంది.

"ఆదివారం" అన్నాను, వీలైనంత గంభీరంగా.

"మీ పేరు?"

చెప్పాను. ఇంటిపేరుతో సహా, తాతగారి పేరుతో సహా చెప్పాను. అది ఇంకా చేటు చేసింది. బీపీ చూశారు. ఇరవై మంది ముందు ఒకడి చెయ్యి పట్టుకుని ఏ వారమని అడిగితే బీపీ ఎంతుంటుందో అంతే ఉంది. "ఎండ దెబ్బలా ఉంది, వ్యాన్ ఎక్కాల్సిందే" అంది. వ్యాను తలుపు తీశారు. ఎక్కనన్నాను. "అయితే మీ వాళ్లతో మాట్లాడతాను" అని, నా బనీనుకు పిన్నులతో గుచ్చిన నంబరు కాగితం మీద ఉన్న ఫోనుకు కొట్టింది. అది అక్కయ్యది.

స్పీకర్‌లో అక్కయ్య గొంతు వినిపించింది. డాక్టరమ్మాయి జరిగిందంతా చెప్పింది. దారిలో దిగిపోయారు, ఎందుకంటే చెప్పట్లేదు, చనిపోయిన తాతగారి గురించి ఏదో అంటున్నారు, వ్యాను ఎక్కించనా అని.

అక్కయ్య ఒక్క మాట అంటే చాలు. ఎక్కించండమ్మా అంటే పందెం ఆమెదే. తువ్వాళ్లు కట్టిన కారు, మూసిన తలుపు, ఇంక ఎవ్వరూ అడగరు. నేను ఫోను వంక చూస్తూ నిలబడ్డాను. 

"ఎక్కడ దిగాడు?" అంది చివరికి.

"ఇక్కడ... ఎరువుల గోడౌన్ ఆంటీ. పాత గేటొకటి ఉంది."

 తర్వాత ఫోనులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. ఊపిరాడకుండా, దగ్గుతూ, నాలుగు నెలల నవ్వంతా ఒక్కసారే నవ్వుతోంది.

"గేటు చివరిదాకా నడిచాడా?"

"నడిచారు ఆంటీ."

"వెనకాల వాళ్లు కూడా దిగారా?"

"అందరూ దిగారు."

"అయ్యో రామా!" అని మళ్లీ నవ్వి, "వాడికి ఏ జబ్బూ లేదమ్మా. మా ఇంట్లో అందరికీ ఉన్నదే. వ్యాను ఎక్కించకండి, సైకిలెక్కించండి. ఏరా, వింటున్నావా? త్వరగా తగలడు. ఎండలో నన్ను నిలబెట్టకు" అని ఫోను పెట్టేసింది.

అందరికంటే చివర చేరాను. నా వెనక వ్యాను తప్ప ఇంకెవరూ లేరు. బెంజ్ సర్కిల్ దగ్గర కుర్చీ వేస్తామన్నా వద్దని, అక్కయ్య నేత చీర కట్టుకుని నిలబడి ఉంది. తల మీద ఏమీ లేదు. నేను ఆగగానే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆ నిక్కరు నీకు బాగానే ఉందిరా" అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆటోలో వచ్చిందట. ఇంటి దగ్గర నుంచి ఇక్కడిదాకా ఎవరైనా ఏమైనా అన్నారా అని మెల్లగా అడిగాను.

"ఒక్కళ్లు చూస్తేగా! ఆటోవాడు దారి పొడుగునా ఫోన్లో వాళ్ల బావమరిదితో పోట్లాడుతూనే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర ఇన్ని బళ్లు ఆగాయి, అందరూ లైటు వంకే చూస్తున్నారు. ఒక్కడు తల తిప్పలేదు." గొంతులో కాస్త నొచ్చుకున్నట్టే వినిపించింది.

మర్నాడు పొద్దున్న నన్ను పిలవకుండా, సంచీ పట్టుకుని తనే రైతుబజారుకు వెళ్లింది. నేను మాత్రం కాళ్ల నొప్పులతో మంచం దిగలేకపోయాను.