నీలిగీతకు సమంగా బిగించిన కడ్డీ

మొదట విన్నది చెంబు పడిన చప్పుడు. నేను వసారాలో దినపత్రిక చదువుతున్నాను. ఇత్తడి చెంబు నేల మీద దొర్లి, ఏదో మూలకు తగిలి ఆగింది. ఆ తరువాత స్నానాల గదిలో ఏ శబ్దమూ లేదు. లోపల ఉన్నది నా భార్య. తలుపుకు గడియ వేసి ఉన్నది. నేను లేచి వెళ్ళి ఏమైందని అడిగేలోపు ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ చెప్పలేను.

"ఏటీ నేదు. సెంబు జారింది. మీ పేపరు మీరు సదువుకోండి," అన్నది లోపలినుంచి.

జారినది చెంబేనని నేను నమ్మలేదు. ఆమెకు అరవై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా మోకాళ్ళు సహకరించడం లేదు. అయినా ఒంటికి నూనె రాసుకుని, సున్నిపిండితో నలుచుకుని, జానెడెత్తు చెక్కపీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటేనే ఆమెకు స్నానం చేసినట్టు. కుర్చీ వేయిస్తానంటే, "నానేటి, రోగిష్టిదాన్నా?" అంటుంది. గడియ వేయవద్దంటే అసలే వినదు.

అందుచేత గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించాలని నిశ్చయించాను. నిశ్చయించిన పనిని క్రమంగా చేయడం బడిలో పనిచేసిన నాటినుంచీ నా అలవాటు. గది కొలతలు కాగితం మీద వేసుకుని రాజాం బజారులో ఒక సామాన్ల దుకాణానికి వెళ్ళాను. యజమాని ముందుగా తళతళలాడే సన్నని గొట్టం ఒకటి చూపించాడు.

"ఇది పెట్టించండి మేస్టారూ. పట్టుకోవచ్చు, తువ్వాలూ ఆరేసుకోవచ్చు."

"తువ్వాలు బరువెంత? మనిషి బరువెంత?" అని అడిగాను.

అతను నవ్వి లోపలినుంచి లావుపాటి స్టీలు కడ్డీ తెచ్చాడు. అది పిడికిలికి నిండుగా ఉన్నది. తడి చేయి జారకుండా దాని మీద గరుకు గీతలున్నాయి. "దీన్ని పట్టుకుని మీరు ఏలాడినా ఊడదు. గోడ మంచిదైతేనే సుమండీ," అన్నాడు. ఆ చివరి మాట ఇంటికి వచ్చేదాకా నన్ను వదలలేదు.

మర్నాడు ఉదయం మేస్త్రీ వచ్చాడు. మా స్నానాల గదిలో కుళాయి మొదలు చుట్టూ పగిలిన సిమెంటును ఏడాదిలో రెండుసార్లు అతికినవాడు అతనే. నీ పని నిలవడం లేదని రెండుసార్లూ అతన్ని మందలించి ఉన్నాను. అతను గోడ పలకలను వేలి కణుపుతో తట్టి వింటూ వెళ్ళి, డొల్లగా పలికిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ఆ తరువాత నా వైపు తిరిగాడు.

"అమ్మగోర్ని ఓపాలి పిలండి బాబూ. పీట మీద కూకుంటే సెయ్యి ఎక్కడికెల్తాదో సూద్దుము. కన్నాలు పడిపోయాక మరి మార్సనేము."

నా ఇల్లాలు స్నానానికి ఎలా కూర్చుంటుందో పరాయి మగవాడికి చూపించడమా? అది నాకు మర్యాదగా తోచలేదు. వంటింట్లో ఉన్న ఆమెను నేనైనా వెళ్ళి అడగవలసింది. అదీ చేయలేదు. గోడ మీద నడుమెత్తున నీలిరంగు పలకల గీత ఒకటి గది చుట్టూ ఉన్నది. నేను నిలబడి చేయి చాస్తే సరిగ్గా దాని మీదికే వచ్చింది.

"ఇక్కడ. గీతకు సమంగా," అన్నాను.

అతను గీత మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు. కడ్డీ మీద రసమట్టం పెట్టి, వాలు లేదని చూసి బిగించాడు. బుడగ నడిమధ్యన నిలిచింది. రెండు చేతులతో లాగి చూశాను. కదలలేదు. ఆ రోజు అన్నం తృప్తిగా తిన్నాను.

నాలుగో రోజు ఉదయం విన్నది చెంబు చప్పుడు కాదు. ఏదో పుటుక్కున విరిగింది. వెంటనే మెత్తగా, బరువుగా మరొక శబ్దం. ఆపైన ఆగని నీళ్ళ హోరు. నేను తలుపు చేరేసరికి కిందినుంచి నీళ్ళు నా పాదాల మీదికి వచ్చాయి.

"కుళాయి సేతికి ఊడొచ్చేసింది," అన్నది ఆమె. గొంతు నేల మీదినుంచి వస్తున్నది.

"లేవగలవా?"

"నెగనేకపోతన్నాను."

"కడ్డీ పట్టుకో."

"అందదండీ. కూకున్నోళ్ళకి అదెప్పుడందింది?"

ఇన్నాళ్ళూ పీట మీదినుంచి లేవడానికి ఆమె పట్టుకున్నది కుళాయినేనని, సిమెంటు రెండుసార్లు పగలడానికి కారణం అదేనని, తడిసిన పాదాలతో ఆ తలుపు ముందు నిలబడి తెలుసుకున్నాను.

పక్కింటివారిని పిలిచి తలుపు పగలగొట్టిస్తానన్నాను.

"ఒద్దు! ఒంటి మీద సీర నేదు. ఎవుల్నైనా పిలిసేరంటే మరి నాను బతకను."

భుజంతో నెట్టాను. నేనే ఏరి చేయించిన టేకు తలుపు. కదలలేదు. మేడ మీది ట్యాంకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు కట్టేద్దామంటే తలుపు విడిచి వెళ్ళలేకపోయాను. ఆమె తలకు దెబ్బ తగిలిందో లేదో తెలియదు. తలుపు కిందినుంచి వస్తున్న నీళ్ళు ఎర్రబడతాయేమోనని వాటినే చూస్తూ నిలబడ్డాను.

"నేల తుడిచే కర్ర దగ్గరలో ఉన్నదా?"

"ఉన్నాది."

"దానితో గడియను పక్కకు తొయ్యి. ఎడమకు."

కర్ర జారింది. మళ్ళీ జారింది. "ఎడమకు, ఇంకా ఎడమకు," అంటూ తలుపు తట్టాను. "తోస్తన్నాను, ఉండండి," అని ఆమే నాకు ధైర్యం చెప్పింది. మూడోసారి గడియ కదిలింది.

ఆమె గోడకు చేరగిలబడి ఉన్నది. ఎడమ మణికట్టు వాచింది. రక్తం లేదు. తువ్వాలు కప్పి, ఒక చేత్తో ఆమెను చుట్టి, మరో చేత్తో నీలిగీత మీది కడ్డీని పట్టుకుని లేపాను. అది నాకు సరిగ్గా అందింది. నా కొలతకు పెట్టించుకున్నది కదా.

ఎముక విరగలేదని వైద్యుడు చెప్పిన తరువాత, ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిచి, రెండో కడ్డీ తెప్పించాను. కుళాయి పగలడంలో నీ తప్పు లేదన్నాను. "తెలుసు బాబూ," అన్నాడు. తుడిచి ఆరబెట్టిన గదిలో, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆమె అతని ముందే పీట మీద కూర్చున్నది. కళ్ళు మూసుకుని లేవబోయింది. కుడిచేయి దానంతటదే గోడ మీదికి వెళ్ళింది. అతను అక్కడ గుర్తు పెట్టాడు. కొత్త కడ్డీ కిందుగా, వాలుగా, పలకల గీతలను అడ్డంగా దాటుకుంటూ నిలిచింది. నేను రసమట్టం పెట్టమనలేదు.

ఇప్పుడు తలుపు వేసుకుంటుంది గాని గడియ పెట్టదు. లేచేటప్పుడు గాజులు స్టీలుకు తగిలి మోగుతాయి. ఆ చప్పుడు వినేదాకా పత్రికలో ఒక్క వాక్యమూ నా తలకెక్కదు. నిన్న ఆలస్యమైంది. లేచి తలుపు దాకా వెళ్ళాను.

"ఏటి, తలుపుకాడ నిలబడిపోనారా? బతికే ఉన్నాను. ఎల్లి కూకోండి."

వచ్చి కూర్చున్నాను. పత్రిక చేతిలోకి తీసుకున్నాను. గాజులు ఇంకా మోగలేదు.