కంచె అవతలి గురువు

న్కుబు కొండల్లో పాలబండి తోలే మ్విరిగిని ఎరగనివాళ్లు లేరు. ఏటా డిసెంబరులో, పరీక్షలయ్యాక, అక్కడి ఆచారం ప్రకారం సున్తీ అయిన కుర్రాళ్లని చర్చి వెనక పాకలో ఉంచి మగవాళ్లుగా తీర్చిదిద్దే పెద్దమనిషి ఆయనే. ఛాతీ విరుచుకుని పాఠం మొదలుపెడితే కోళ్లు కూడా గింజలు ఏరడం మానేసేవి.

పాకలోకి ఆడవాళ్లు రాకూడదు. మ్విరిగి భార్య న్కిరోటె తిండి గిన్నె తెచ్చి కంచె దగ్గర పెట్టి వెళ్లేది.

ఆ ఏడూ మొదటి పాఠం ఎప్పటిదే. "ఒరేయ్, ఇక మీరు మగాళ్లు. అమ్మ వంటింటి గడప తొక్కకూడదు."

ముతెథియా అనే కుర్రాడు లేచాడు. "మామా, ఇంట్లో ఉండేది మా అమ్మా నేనే. ఆవిడకి జ్వరం వస్తే ఎవరు వండుతారు?"

"బయట పొయ్యి పెట్టి నువ్వే వండు."

"నాకు రాదు. మీరు నేర్పండి."

మిగతావాళ్లు నవ్వు బిగపట్టుకుని చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పరువేం కావాలి?

"సంకటి వండడం కూడా ఓ విద్యేనట్రా!" అంటూ చల్లటి నీళ్లలో మొక్కజొన్న పిండంతా ఒక్కసారే గుమ్మరించాడు మ్విరిగి. అడుగు మాడింది, నడుమ ఉండలు కట్టింది, పైన నీళ్లు తేలాయి. సున్తీ కత్తి ముందు కిక్కురుమనని కుర్రాళ్లు ఆ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మర్నాడు న్కిరోటె గిన్నెతో రాగానే మ్విరిగి కంచెలోకి తల దూర్చాడు.

"ఏమే, సంకటి ఎలా వండుతారు?"

"ఎవరికయ్యా, ఆవులకా?"

"గట్టిగా అనకే! పిల్లలు వింటారు."

"నీళ్లు తెర్లాక పిండి వెయ్యి. కొద్దికొద్దిగా. తెడ్డు ఆపకు."

"తెర్లాయని ఎలా తెలుస్తుంది?"

"ఇరవై ఏళ్లు నా పొయ్యి పక్కన కూర్చుని తిన్నావు కదయ్యా, ఒక్కసారైనా కుండలోకి తొంగిచూళ్లేదూ?"

వెనక నవ్వులు గుప్పుమన్నాయి. కుర్రాళ్లంతా అక్కడే ఉన్నారు. మ్విరిగి చెవులు వేడెక్కాయి. కసురుకోబోయాడు గానీ ముతెథియా ఒక్కడే నవ్వడంలేదు. తెడ్డు పట్టుకుని, అమ్మ జ్వరం ఇవాళే వచ్చినట్టు, ఆత్రంగా చూస్తున్నాడు.

"నాకూ రాదురా," అన్నాడు మ్విరిగి చివరికి. "రండి, కలిసి నేర్చుకుందాం. న్కిరోటే, గట్టిగానే చెప్పు."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. తర్వాత కొంగు బిగించి, కంచె అవతల నుంచే అందరినీ చెడామడా తిట్టి వండించింది. మూడోనాటికి సంకటి తెడ్డుకి అంటకుండా ఊడింది.

బయటికొచ్చాక ముతెథియా వాళ్ల పెరట్లో మూడు రాళ్లు పేర్చి వండి, గిన్నె వాకిట్లో పెట్టి అమ్మని కేకేశాడు. ఆవిడ తింటూ ఏడ్చిందట. ఉప్పెక్కువైందేమోనని వాడు హడలిపోయాడు.

మరుసటేడు చర్చి పెద్దలు వంట పాఠం చెప్పే న్కిరోటె కోసం కంచె బయట ముక్కాలిపీట వేయించారు.

"నాకు నడుం నొప్పి. వీపు ఆనించుకునే కుర్చీ ఉంటేనే వస్తాను," అని ఆవిడ కబురంపింది. చర్చిలో ముందు వరస కుర్చీ ఒకటి మ్విరిగే మోసుకెళ్లాడు.