అక్కి మానిన తర్వాత

మా అక్క కమలాపురం దగ్గరి ఒక ఊళ్ళో మగ్గం నేసేది. పోయినేడాది ఆమెకు ఎడమ పక్కన, రొమ్ము కింద నుంచి వీపు దాకా నీటి పొక్కులతో అక్కి లేచింది. అలా చేస్తే అక్కి మానుతుందని కుమ్మరాయన దగ్గరికి పోయి పొక్కుల మీద ఎర్రమట్టితో సింహం బొమ్మ గీయించుకుంది. పొక్కులు ఎండి రాలిపోయాయి కానీ నొప్పి పోలేదు. కొంగు తగిలినా నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడేది. రవిక తొడుక్కోలేక, పాత మెత్తటి పంచె చుట్టుకుని ఇంట్లోనే కూర్చునేది.

"పుండు మానింది కదా, ఇంకా యాడ నొప్పి?" అని బావ అడిగేవాడు. ఎత్తిపొడుపు కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఆమెను కల్లూరులోని మా ఇంటికి పిలిపించుకుని, కర్నూలులో నొప్పులకు మందిచ్చే డాక్టరమ్మకు చూపించాను.

"తోలు మానిందమ్మా, లోపల నరం చెడింది" అంది ఆమె. "దెబ్బ లేకున్నా అది నొప్పి కబురు పంపుతానే ఉండాది. వెన్నుపాములో ఆ నరం కొస ఇంకో నరానికి కబురు అందిస్తాది. అందియ్యాలంటే ఆ కొసలోకి కాల్షియం పోవాల. ఈ మాత్ర దాన్ని తగ్గిస్తాది. కబురు పలచబడతాది."

"నరం బాగయితాదా?" అంది అక్క.

"మాత్రతో బాగు కాదమ్మా."

మాత్రలు పెంచాక అక్క రవిక తొడుక్కోగలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మందు మెదడునూ మందగింపజేసేది. ఊరికి తిరిగిపోయి మగ్గం గుంటలో కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. నూలు తెగినా చూసుకునేది కాదు. మందు తగ్గిస్తే మళ్ళీ మంట. కబురు అందుకునే నరాన్నే నెమ్మదింపజేసే ఇంకో మందు ఇచ్చారు. వాంతులు కావడంతో అదీ ఆపేయాల్సి వచ్చింది.

"ఇంకేమన్నా ఉండాదా తల్లీ?" అని అక్క అడిగితే డాక్టరమ్మ పాత మాత్రే మళ్ళీ రాసింది. "ఉన్నవాటితోనే సర్దుకోవాల. శానామందికి ఇంతే" అంది.

నేను వాళ్ళ ఊరికి పోయిన రోజే బావ మగ్గం విప్పి తన తమ్ముడికి ఇచ్చేశాడు. అక్క మంచం మీద నుంచి చూస్తూ, "పోనీలే మే. గుడ్డ తాకితేనే ఓర్చుకోలేను, ఇంక నేసేదేముండాది" అంది నాతో.

ఇప్పుడు పొద్దున వంటయ్యే దాకా మాత్ర వేసుకోదు. పళ్ళు బిగబట్టి అన్నం వండి, ఆ తర్వాత మింగి పడుకుంటుంది. నేను ఫోన్ చేస్తే చాలాసార్లు బావే ఎత్తుతాడు.

"పండుకోనుండాదిమ్మా. లేపమంటావా?" అంటాడు.

వద్దంటాను.